పాట అందరికీ తెలుసు, పాడినోళ్ళే ఎవరో తెలీదు

ఎడిటర్ గారికి నమస్కారం అండీ.

ఈ మధ్య మీ జిల్లా ఎడిషన్ లో మన నెల్లూరు, ప్రకాశం వైపు పిల్లలు నాట్ల పాటలకీ కోలాటం పాటలకీ గిటారు, కీబోర్డు, బీట్ కలిపి యూట్యూబ్ లో పెడతా ఉండారని ఒక పేజీ వేశారు, చదివి భలే సంతోషం అయింది, మన యాస పాట కూడా పేపర్లోకి ఎక్కిందని. వాళ్ళ గొంతుల గురించి, వ్యూస్ గురించి బాగా రాశారు గానీ ఇంకొక సంగతి ఎవరూ రాయట్లేదు, అది చెబుదామనే ఈ ఉత్తరం. నేను నెల్లూరులో డిజైన్ పని చేస్తా. ఫ్లెక్సీలు, పెళ్ళి కార్డులు, కరపత్రాలు, ఇప్పుడైతే ఎక్కువగా పాటల థంబ్ నెయిల్స్ (వీడియో తెరవకముందు కనపడే బొమ్మలు), పోస్టర్లు. ఈ పిల్లల పని నా కంప్యూటర్ మీదకే వస్తా ఉంటది కాబట్టి దగ్గర నుంచి చూస్తా ఉండాను.

సంగతి ఏందంటే, ఈ పిల్లల పాటలు జనానికి తెలుసు, పిల్లలు తెలీదు. ఆటోలో పాట మోగుతా ఉంటది, పక్కన కూర్చున్నోళ్ళు కూడా పెదాలు కదుపుతా ఉంటారు, ఎవరు పాడిందీ అని అడిగితే మాత్రం ఎవరో ఫోక్ సింగర్ అంటారు. అంతే. రీల్స్ లో పాట వెయ్యి చేతులు మారుద్ది, పాడినోళ్ళ పేరు మొదటి చెయ్యి దాటదు. రెండో పాట పెట్టేటప్పటికి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే, ఎందుకంటే మొదటి పాట విన్నోళ్ళకి ఈ రెండోది కూడా అదే మనిషి పాడిందని చూడగానే తెలిసే గుర్తు ఏదీ లేదు. దీనికి కారణం గొంతు బాగాలేక కాదండీ, ఒక్కో పాటకి ఒక్కో వేషం, ఒక్కో రంగు, ఒక్కో రకం అక్షరాలు, చివరికి పేరు కూడా ఒక్కోసారి ఒక్కో రకంగా. చేపల పులుసు ఎంత బాగున్నా వారానికొక బోర్డు మార్చే హోటల్ ని జనం మళ్ళీ వెతుక్కుంటా ఎట్టా వస్తారు?

పొదలకూరు వైపు ఒక అమ్మాయి ఉంది, పేరు రాయను, వాళ్ళ అమ్మ నాట్లేసేటప్పుడు పాడే పాటలు నేర్చుకుని పాడుద్ది, ఆ గొంతు వింటే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తది. ఆ పాప ఛానల్ ని ఫోన్లో తెరిచి ఒక్కసారి కిందకి జరిపి చూశా. మొదటి పాట థంబ్ నెయిల్ లో ఎర్ర బ్యాక్ గ్రౌండ్, పసుపు అక్షరాలు, వాటి చుట్టూ నల్ల అవుట్ లైన్, దాని చుట్టూ మళ్ళీ తెల్ల అవుట్ లైన్. రెండోది ఊదా రంగు, నియాన్ లైట్ లాగా మెరిసే అక్షరాలు. మూడోదాంట్లో ఆ పాప ముఖమే లేదు, డ్రోన్ తో తీసిన పొలం. నాలుగోదాంట్లో ముఖం ఉంది గానీ ఎడిటింగ్ వాళ్ళు ఫిల్టర్ వేసి ఎంత తెల్లగా చేశారంటే మూడు రోజులు ముందు మా షాపుకి వచ్చిన పిల్లేనా అని నేనే అనుమానపడ్డా. పాట పేరులో చివరి అక్షరం మీద వీడియో ఎన్ని నిమిషాలో చూపించే నల్ల డబ్బా వచ్చి కూర్చుంది, యూట్యూబ్ లో అది ఎప్పుడూ కుడి పక్క కింద మూలకే వస్తది కదా, అక్కడ అక్షరాలు పెట్టకూడదని చేసినోళ్ళు చూసుకోలేదు. అన్నిటికంటే బాధ ఏందంటే పేరు. ఇంగ్లీషులో యూట్యూబ్ లో ఒక స్పెల్లింగ్, ఇన్ స్టాగ్రామ్ లో ఇంకో అక్షరం ఎక్కువ, పాటలు వినే యాప్ లలో ఇంకో రెండు రకాలు. యాప్ వాళ్ళకి మనిషి తెలీదు కదండీ, స్పెల్లింగే తెలుసు, ఆ స్పెల్లింగ్ మారితే ఇంకొక ఆర్టిస్టు అనుకుని వేరే పేజీ తెరుస్తారు. పాడింది ఒకే పాప, అక్కడ ఇద్దరు అయిపోయారు, ఒకరి పాటలు విన్నోళ్ళకి రెండో ఆమె పాటలు కనపడవు.

ఇదంతా సిటీ వాళ్ళ బ్రాండింగ్ గొడవ, జానపదానికి ఎందుకు అనేవాళ్ళు ఉండారు. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. అసలు ఈ పని మన పాత కళాకారులు చేసినంత బాగా ఎవరు చేశారు చెప్పండి? బుర్రకథ దళం స్టేజి ఎక్కితే మైకులో పరిచయం చెయ్యాల్సిన పని ఉందా, నడిమధ్యన తంబురా పట్టుకుని తలపాగా చుట్టుకున్న కథకుడు, అటు ఇటు డక్కీలతో వంతలు, పది ఫర్లాంగుల దూరం నుంచి చూసినా బుర్రకథేనని తెలిసిపోద్ది. హరిదాసు గారు పట్టు పంచె కట్టి, మెళ్ళో పూలదండ వేసుకుని, చేతిలో చిరుతలు, కాళ్ళకి గజ్జెలతో నిలబడితే ఇంకా నోరు తెరవకముందే జనం సర్దుకుని కూర్చునేవాళ్ళు. గద్దర్ గారిని తీసుకోండి, 2023లో పోయారు, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాలికి గజ్జెలు, ఆయన ముఖం గీయకుండా ఆ నీడ ఒక్కటి గీసి చూపించినా తెలుగు వాళ్ళల్లో గుర్తుపట్టని వాళ్ళు ఉంటారా. ఏళ్ళ తరబడి అదే రూపం. పక్కన తమిళనాట ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు కట్టే ఒక నీలం రంగు కంచిపట్టుకి ఎంఎస్ బ్లూ అనే పేరే వచ్చేసింది, రంగు ఆమెది అయిపోయింది. ఇంక బాపు గారి సంగతి చెప్పాల్నా, పుస్తకం అట్ట మీద సంతకం కోసం ఎవరన్నా వెతికారా, ఆ గీత, ఆ చేతిరాత చూస్తే చాలు, తర్వాత ఆ చేతిరాతనే కంప్యూటర్ ఫాంట్లుగా కూడా చేసుకున్నారు.

మన కొత్త పిల్లలు పాటకి బీట్ కలిపేటప్పుడు ఆ పాత వేషం వదిలేశారు. వదలడం తప్పేం కాదు, కాలం మారింది, పాట మారింది. కానీ దాని బదులు తమది అనేది ఒకటి పెట్టుకోలా, అక్కడే నా బాధంతా.

బయట దేశం ముచ్చట ఒకటి చెప్తా. రోలింగ్ స్టోన్స్ అని ఇంగ్లండ్ బ్యాండ్, ఎర్ర పెదాలు, బయటికి చాపిన నాలుక, ఆ బొమ్మ మన ఊళ్ళో టీషర్టుల మీద కూడా కనపడతది, వేసుకున్నోళ్ళకి ఆ బ్యాండ్ పాట ఒక్కటి కూడా తెలీకపోవచ్చు. అది 1970లో జాన్ పాష్ అని లండన్ లో ఆర్టు చదువుకుంటున్న స్టూడెంట్ గీసింది, అప్పుడు అతనికి ఇచ్చింది 50 పౌండ్లు. వాళ్ళ సింగర్ మిక్ జాగర్ అతనికి చూపించింది ఏందో తెలుసా, మన కాళికాదేవి బొమ్మ. అక్కడి నుంచి పుట్టింది ఆ నాలుక. 2008లో ఆ అసలు డ్రాయింగ్ ని లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 50 వేల పౌండ్ల పైన పెట్టి కొనింది. ఇందులో నాకు రెండు సంగతులు కనపడతాయి. ఒకటి, మొదట్లో పెద్ద డబ్బు ఏం పెట్టలా, కానీ పెట్టుకున్న గుర్తుని యాభై ఏళ్ళు వదలకుండా పట్టుకున్నారు, దానికి విలువ వచ్చింది ఆ పట్టుకోవడం వల్లే. రెండోది, మన అమ్మోరి నాలుక అంత దూరం పోయి ఒక బ్యాండ్ కి గుర్తు అయిందంటే, పోలేరమ్మ జాతరలు చూస్తా పెరిగిన మన పిల్లలు ఇంటర్నెట్ లో ఫ్రీగా దొరికే మైకు బొమ్మ, నెమలి ఈక, మ్యూజిక్ నోట్ గుర్తు పెట్టుకుని తిరగడం ఏంది? ఆ బొమ్మలు దేశంలో ప్రతి ఆర్కెస్ట్రా కార్డు మీదా ఉంటాయి.

పొదలకూరు పాపకి ఏం చేశామో చెప్తా, ఇంకెవరికైనా పనికొస్తదేమో. ముందు పేరు తేల్చాం. తెలుగులో ఒకటే రూపం, ఇంగ్లీషులో ఒకటే స్పెల్లింగ్, అన్ని చోట్లా అదే, స్టేజి మీద యాంకర్ కి ఇచ్చే చీటీలో కూడా అదే. తర్వాత ఆ పాప చేతికే బ్రష్ ఇచ్చి పేరు రాయించా, చాలా కాయితాలు ఖరాబైనాయి గానీ ఒకదాంట్లో ఒత్తు కింద నుంచి తిరిగి పైకి లేచిన గీత ఒకటి బాగా కుదిరింది, కోలాటంలో కోల తిప్పినట్టు. దాన్నే స్కాన్ చేసి, కంప్యూటర్ లో గీతలు సాపు చేసి ఆమె గుర్తు కింద పెట్టాం. ఆ రాత ఇంకెవరికీ రాదు, ఎవరూ డౌన్ లోడ్ చేసుకోలేరు. పాటల పేర్లకి మాత్రం ఒక్క ఫాంట్ అనుకున్నాం. తెలుగులో మంచి ఫాంట్లు లేవని మా వాళ్ళు ఊరికే అంటారు, గూగుల్ ఫాంట్స్ లో మండలి, రామభద్ర, ధూర్జటి, సురవరం, పెద్దన, తిమ్మన ఇట్టా బోలెడు ఉండాయి, ఫ్రీగా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. థంబ్ నెయిల్ కి రామభద్ర లాంటి లావు అక్షరం బాగుంటది, ఫోన్లో చిన్నగా అయిపోయినా ఒత్తులు కలిసిపోకుండా కనపడాలి, అది చూసుకోవాల. ఒక మాట, పాత వెర్షన్ ఫోటోషాప్ లో టెక్స్ట్ ఇంజన్ సెట్టింగ్ మార్చకుండా తెలుగు టైప్ చేస్తే ఒత్తులు పక్కకి విడిపోతాయి, అట్టానే పోస్టర్లు అచ్చేసి ఊరంతా అంటించినోళ్ళు ఉండారు. మన పాట మన భాషలో పాడి, మన అక్షరాన్ని విరగ్గొట్టి గోడకి అంటిస్తే చూసేవాళ్ళకి ఎట్టా ఉంటది.

రంగులకి ఎక్కువ ఆలోచించాల్సిన పని పడలా. పొదలకూరు అంటేనే నిమ్మకాయలు, ఆ పాప నాన్న కూడా నిమ్మతోటల్లో పనికి పోతాడు. పండిన నిమ్మ పసుపు, నిమ్మాకు ముదురు పచ్చ, ఆ రెండే. ముదురు పచ్చ మీద పసుపు అక్షరం ఎండలో ఫోన్ పట్టుకుని చూసినా చదవొచ్చు. ఆ రెండు రంగులకీ హెక్స్ కోడ్, అంటే కంప్యూటర్ లో ఆ రంగుకి ఉండే గుర్తు నంబరు, రాసిపెట్టాం, ఎవరు డిజైన్ చేసినా కంటికి దగ్గరగా ఉందిలే అని వేరే పసుపు వాడకుండా. ఫ్లెక్సీకి, ప్రింటుకి మాత్రం వేరే లెక్క రాయాల, ఎందుకంటే ఫోన్లో వెలిగిపోయే పసుపు అచ్చులో డల్ అయిపోద్ది, స్క్రీన్ ది వెలుతురు రంగు, అచ్చుది సిరా రంగు. అందుకని ముందు ఒక చిన్న ముక్క ప్రింటు తీయించి, పగలు బయట పెట్టి చూసి అప్పుడు ఖాయం చేశాం.

ఫోటోలు ఒకే రకం. ముఖం ఎడమ పక్క, ఛాతీ దాకా, సాయంత్రం వెలుతురులో, ఫిల్టర్లు లేకుండా ఆమె ఒంటి రంగు ఎట్టా ఉందో అట్టానే. దీని మీద నేను గట్టిగా పట్టుబట్టా. ఎండలో నాట్లేసే అమ్మ పాట పాడుతూ ముఖానికి తెల్లరంగు పూయడం నాకు మనసొప్పలా. చూసేవాళ్ళు కూడా రేపు స్టేజి మీద ఆ పాపని గుర్తుపట్టాలి కదా.

బట్టల గురించి కూడా రాయాల. మన వైపు ఫోక్ షూటింగ్ అంటే చాలు, అద్దాలు కుట్టిన లంగా వోణీ అద్దెకి తెస్తారు, అది రాజస్థాన్, గుజరాత్ వేషం, మంచిదే, వాళ్ళది వాళ్ళకి అందం. మనకి పక్కనే వెంకటగిరి నేత చీరలు ఉండాయి, సన్నటి నూలు, జరీ అంచు, జాందానీ బుటాలు, కెమెరా ముందు గాలికి ఎంత తేలిగ్గా కదులుతాయో. ఆ పాప ఇప్పుడు ప్రతి పాటకీ వెంకటగిరి కాటనే కడతా ఉంది, రంగు మారొచ్చు, నేత మారదు. మగపిల్లలు ఉదయగిరి వైపు వాళ్ళు ఒకరు వస్తే వాళ్ళకి వేరే చెప్పా, అక్కడ చెక్క గరిటెలు, స్పూన్లు చేసే పని ఉంది కదా, ఆ చెక్క మీద పడే నునుపు గీతలు తీసుకుని పోస్టర్ అంచు చేద్దామని. ఒంగోలు వైపు వాళ్ళకి గిత్త ఉండనే ఉంది, కానీ అది అందరూ వాడేశారు, నాకైతే మార్కాపురం పలక మీద సుద్దతో రాసినట్టు అక్షరాలు ఉంటే ఇంకా బాగుంటదనిపిస్తది, నల్ల పలక, తెల్ల సుద్ద, ఇంతకంటే తేటగా కనపడేది ఏముంటది. ఒక్కటి మాత్రం వద్దు. యానాదుల వేషం, ఇంకో కులం వాళ్ళ వేషం కెమెరా కోసం వేసుకుని దాన్నే తమ గుర్తుగా పెట్టుకోవద్దు. వాళ్ళ పాట పాడాలంటే వాళ్ళనే పిలిచి పాడించాల, పక్కన నిలబడాల.

ఇంకా ముఖ్యమైంది. ఈ పాటల్లో చాలావరకు ఎవరో ఒక పెద్దామె దగ్గర విన్నవే. వీడియో కింద డిస్క్రిప్షన్ లో జానపదం అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. మేం ఆ పాప ప్రతి పోస్టర్ మీదా, ప్రతి వీడియో మొదట్లోనూ, కింద ఎడమ మూల ఒక పచ్చ పట్టీ పెట్టాం, అందులో పాట ఎవరి దగ్గర నేర్చుకుందో వాళ్ళ పేరు, ఊరు ఉంటది, వాళ్ళని అడిగి ఒప్పుకుంటేనే. ప్రతిసారీ అదే చోట, అదే సైజు. ఇప్పుడు ఆమె గుర్తుల్లో అదీ ఒకటి అయింది. ఆ పట్టీ మొదటిసారి ఫోన్లో చూపించినప్పుడు వాళ్ళ అమ్మ తన పేరు మీద వేలు పెట్టి చాలాసేపు అట్టానే చూస్తా ఉండిపోయింది, వేలు తగిలి స్క్రీన్ జరిగిపోతే మళ్ళీ వెనక్కి తెప్పించుకుని చూసింది. వేరే సింగర్లు కూడా ఇది చెయ్యాలని నా కోరిక, నేను కనిపెట్టింది అని ఎవరూ చెప్పక్కర్లా.

ఇంత చేసినా చెడిపోయే చోటు ఒకటి ఉంది, అది జాతర ఫ్లెక్సీ. కమిటీ వాళ్ళు ప్రోగ్రామ్ ఖాయం చేసుకుంటారు, సింగర్ ఫోటో వాట్సాప్ లో అడుగుతారు, వాట్సాప్ లో ఫోటో పంపితే అది సైజు తగ్గించేస్తది, దాన్ని పది అడుగులకి సాగదీస్తే ముఖం గళ్ళు గళ్ళుగా వస్తది. పైగా సింగర్ పేరుని ‘అను’ అనే డీటీపీ ఫాంట్ లో వాళ్ళకి తోచినట్టు టైప్ చేస్తారు, చుట్టూ కమిటీ పెద్దల ఫోటోలు. వాళ్ళని అని లాభం లేదు, వాళ్ళ చేతిలో మనం ఏం పెట్టాం అని చూసుకోవాల. పేరు గుర్తు వెనక బ్యాక్ గ్రౌండ్ లేకుండా పీఎన్జీ, ప్రింటుకి పీడీఎఫ్, రెండు మంచి ఫోటోలు, రంగుల కోడ్లు రాసిన ఒక పేజీ, ఇవన్నీ ఒక డ్రైవ్ ఫోల్డర్ లో పెట్టి లింకు పంపాల, వాట్సాప్ లోనే పంపాలంటే డాక్యుమెంట్ గా పంపాల. థంబ్ నెయిల్ 1280 బై 720 పిక్సెల్స్, పాట కవర్ అయితే చదరం, 3000 బై 3000, ఈ కొలతలతో ఖాళీ నమూనాలు ముందే చేసి పెట్టుకుంటే రేపు ఎవరు చేసినా అదే రూపం వస్తది. కవర్ మీద ప్రోగ్రామ్స్ కి సంప్రదించండి అని ఫోన్ నంబర్ వేస్తారు మన వాళ్ళు, ఆపిల్ మ్యూజిక్ లాంటి చోట్ల అది ఒప్పుకోరు, కవర్ వెనక్కి వస్తది, రిలీజ్ ఆగిపోద్ది. నంబర్ ఛానల్ అబౌట్ లో పెట్టుకోండి, అది చాలు.

ఒకే రూపం పెట్టుకుంటే బోర్ కొట్టదా అని ఆ పాప అన్నయ్య అడిగాడు. మంచి ప్రశ్నే. పాటని బట్టి ఫోటో మారుద్ది, చోటు మారుద్ది, ఒకసారి మైపాడు ఇసక, ఒకసారి సోమశిల నీళ్ళు, ఒకసారి వాళ్ళ ఇంటి ముందు అరుగు. ఏడుపు పాటకి పచ్చ ఎక్కువ, పసుపు గీత అంత. పెళ్ళి పాటకి అంతా పసుపే. పేరు రాత, ఫాంట్, రంగులు, కింద పట్టీ, ఇవి మాత్రం కదలకూడదు. నచ్చకపోయినా ఏడాది పాటు కదపొద్దని చెప్పా. మనకి రోజూ చూసి చూసి విసుగొస్తది, వినేవాళ్ళు అప్పుడే రెండోసారి చూస్తా ఉంటారు.

ఎడిటర్ గారూ, మీకు ఒక విన్నపం. మీ పేపర్లో ఈ పిల్లల గురించి రాసేటప్పుడు వాళ్ళ పేరు వాళ్ళు ఎట్టా రాసుకుంటారో అట్టానే వెయ్యండి, యూట్యూబ్ స్క్రీన్ షాట్ కాకుండా వాళ్ళనే అడిగి ఫోటో తెప్పించుకోండి, పాట నేర్పిన పెద్దోళ్ళ పేరు కూడా ఆ వార్తలో ఒక లైన్ పెట్టండి. అట్టానే మన విక్రమ సింహపురి యూనివర్సిటీ వాళ్ళో, జిల్లా సాంస్కృతిక శాఖ వాళ్ళో ఈ సింగర్లనీ, మా లాంటి డీటీపీ, డిజైన్ పని చేసేవాళ్ళనీ ఒక రోజు ఒక్కచోట కూర్చోబెడితే బాగుంటదని మీ పేజీలో అడగండి. కావలి, ఆత్మకూరు, కనిగిరి, దర్శి వైపు నుంచి కూడా పిల్లలు వస్తారు. నేను చేసిన ఖాళీ నమూనాలు ఉండాయి, ఎవరు అడిగినా డబ్బు తీసుకోకుండా ఇస్తా, మీ ఆఫీసుకి కూడా ఒక కాపీ పెన్ డ్రైవ్ లో పంపిస్తా ఉండాను, అడిగినోళ్ళకి అందేటట్టు చూడండి.

ఇట్లు,
ఒక డిజైనర్,
నెల్లూరు.